రిజిస్టరు వెనుక పేజీ

బడి స్వర్ణోత్సవ సంచికల అచ్చేసిన్రు:
మన రోలర్ హాకీ జట్టు
రింకు కట్టిన ఏడాది మొదలైందని.
తప్పు.
రింకుకు ఏడేండ్ల ముందే
నా ముందటి పండ్లు రెండు ఊడినయ్.

రాసుకోండ్రి.
ఎనభై ఎనిమిది. పత్తి అయిపోయి
మిర్చి ఇంకా దిగని నడిమి రోజులు.
ఎనుమాముల మార్కెట్ల ఒక షెడ్డు.
వేల బస్తాలు ఈడ్చి ఈడ్చి
అద్దం లెక్క నున్నగైన గచ్చు.
ఉప్పలయ్య సారు చెప్పులిడిసి
అరికాలుతోని రాసి చూసి
"గిది చాలు" అన్నడు.
గంతే ప్రారంభోత్సవం.
కొబ్బరికాయ గూడ కొట్టలే.

ఆయన డ్రిల్లు సారు గాదు, లెక్కల సారు.
కాజీపేటల రైల్వేవాళ్ల పాతసామాను వేలానికి
బీరువ కోసం పోయి
బీరువ చెయ్యిజారితే
ఆరు జతల చక్రాల బూట్లు పాడుకొచ్చిండు.
ముప్పై రెండు రూపాయలు.
ఇంట్ల అమ్మగారు వారం దాక మాట్లాడలేదట.

ఆరు జతలకు పదకొండు మందిమి.
ఒక జతల రెండూ ఎడమ కాలివే.
అది ఫ్లోరెన్సుకు పడ్డది.
ఆమె ఎటు పోవాలన్నా ఎడమకే తిరిగేది.
తర్వాత హైదరాబాదోల్లు
అదేదో ఎత్తుగడ అనుకున్నరు.

కర్రలు వడ్ల బ్రహ్మయ్య చెక్కిండు, తుమ్మకట్టెతోని.
నాగండ్లు చేసిన చెయ్యి గద,
అన్నిటికీ మేడి వంపే వచ్చింది.
కార్కు బంతికి సైకిలు ట్యూబు తొడిగినం.
గోలుకు అటొక కాంటా, ఇటొక కాంటా.
బంతి తగిలితే ముల్లు వణికేది.
ఎవరి దెబ్బ ఎన్ని కిలోలో
యాకూబు చదివి చెప్పేటోడు,
అన్నీ అబద్ధాలే.

నేను గోలు కాపు.
నిలబడేదానికి చక్రాలెందుకని నాకు బూట్లియ్యలే.
హమాలి రాజవీరన్న
ఊడ్చిన పత్తి గోనెల కుక్కి
దబ్బనంతోని నా మోకాళ్లకు కుట్టిండు,
బస్తా మూతి కుట్టినట్టే.
"ఇగ నువ్వు క్వింటాలున్నర" అన్నడు.

ఆ తర్వాత మిర్చి దిగింది.
పాటలు మొదలుగాకముందు
తెల్లారుజామున నాలుగు నుంచి ఆరు దాక మాదే షెడ్డు.
ఏడ్సుకుంట నేర్సుకున్నం అంటే
మాటవరసకు గాదు.
కండ్లల నీళ్లు, ముక్కుల నీళ్లు,
ఎవరు తుమ్మితే బంతి వాళ్లది గాదని రూలు.
బేరింగులు కడిగితే
కిరసనాయిలు ఎర్రగ దిగేది.

మొదటి మ్యాచు హైదరాబాదుల.
నిజమైన రింకు, నిజమైన జాలి.
ఘాటు లేని గాలిల
మాకు ఊపిరే సరిగ ఆడలే.
నాకు ఎవరిదో బూటు అరువిచ్చిన్రు.
నిలబడనేర్సినదాన్ని జారుకుంట వెనక్కి పోయి
బంతితో పాటు నేనూ గోలులకే పోయిన, రెండుసార్లు.
పండ్ల సంగతి అప్పటిదే.

నిర్వాహకుల కాగితం మీద పదిహేడు, సున్న.
మన రిజిస్టరు వెనుక పేజీ తీయండ్రి,
ఫీజు బాకీలకింద,
ఆ ఆటకు గడి లేదు గనుక సారు గీసుకున్న గడిల,
నీలి సిరాతోని:
పదిహేడు, ఒకటి.

లెక్కల సారు. కూడికల తప్పడు.
అయితే ఆ కర్ర కొలతల లేదని
రిఫరీ ఈల ఊదింది గూడ నిజమే.

నన్నడిగితే ఏం చెప్పాలె?
నేను ఈ కొసన ఉన్న, కండ్లల చెమట.
ఫ్లోరెన్సు ఎడమకు తిరుగుడు కనబడ్డది.
యాకూబు ఎత్తిన చెయ్యి కనబడ్డది.
తుమ్మకట్టె ఇరిగిన చప్పుడు ఇన్న.
ఆ తర్వాత సారు ఒక్కడే
గ్యాలరీల లేచి నిలబడ్డడు,
జేబుల పెన్ను ఎతుక్కుంట.